వణుకు లేని మోత

"...కొనేటోనివైతె కొను, లేకుంటె కింద పెట్టు. మూడు దినాలసంది కొట్టుడే గని కొనుడు లేదు. ఇది గిన్నెల దుకాణమా, గుడి గంటనా?"

"కొంట సేటు. మంచిది దొరికితె కొంటనని మొన్ననే చెప్పిన గద."

"అంటె ఇన్ని దినాలు నేను చెడ్డయి అమ్ముతున్ననా? నువ్వు ఒక్కొక్కటి చెవి కాడ పెట్టుకోని మొకం ముడుస్తుంటె, వచ్చిన ఆడోళ్ళు గిన్నెలకు పగుళ్ళున్నయేమో అనుకుంటున్నరు. నిన్న ఒకామె సగం బేరంల లేశి పోయింది."

"పగుళ్ళు లెవ్వు సేటు. వణుకున్నది."

"వణుకేంది? గిన్నెకు చలిజరమొచ్చిందా?"

దుకాణందారు సీతారాం ఈ మాట రోడ్డు మీది వాళ్ళకు కూడా వినపడేలా అన్నాడు. అరుగు మీద కూర్చుని స్టీలు బిందె మీద పేరు చెక్కుతున్న ఈశ్వరయ్య తల ఎత్తకుండానే నవ్వాడు. ప్రకాశం మాత్రం ఇంకో గిన్నె తీసుకుని, పెన్సిలు వెనక ఉన్న రబ్బరుతో దాని అంచు మీద ఒక దెబ్బ వేసి, కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత దాన్ని ఎడమ పక్క కుప్పలో పెట్టాడు. ఎడమ పక్క కుప్ప పనికిరానివాటిది. కుడి పక్క ఇంకా ఏమీ లేదు.

లాల్‌దర్వాజాలో మహంకాళి గుడి వెనక సందులో ఉంది ఆ దుకాణం. సీతారాం తాత కాలంలో అందులో రాగి, ఇత్తడి, కంచు తప్ప వేరే లోహం ఉండేది కాదు. ఇప్పుడు, అంటే ఎనభై ఏడులో, ముందు వరసలన్నీ స్టీలే. ఇళ్ళల్లోని పాత కంచు గిన్నెలు తెచ్చి తూకానికి ఇచ్చి, బదులుగా స్టీలు పట్టుకుపోతున్నారు జనం. అలా వచ్చిన కంచు వెనక గదిలో కుప్పగా పడి ఉంటుంది. నెలకోసారి బట్టీవాళ్ళు వచ్చి కరిగించడానికి తీసుకుపోతారు. ఈ నెల వాళ్ళు శుక్రవారం వస్తారు. ఆ రోజు బుధవారం.

ప్రకాశానికి ముప్పై ఎనిమిదేళ్ళు. పుట్టింది బహదూర్‌పురాలో. తండ్రి మల్లన్న జూపార్కు కట్టేటప్పుడు మట్టిపనికి పోయి, తర్వాత అక్కడే కాపలాదారుగా కుదురుకున్నాడు. తల్లి సుందరమ్మ చర్చి ఊడ్చి, బల్లలు తుడిచేది. ఆమె పని చేసుకుంటుంటే పిల్లవాడు హార్మోనియం దగ్గర కూర్చునేవాడు. మొదట తాకనిచ్చేవారు కాదు, తర్వాత తాకనిచ్చారు, ఆ తర్వాత అతను వాయిస్తుంటే పాస్టరు నిలబడి వినేవాడు. పన్నెండేళ్ళకు ఆదివారం ఆరాధనలో వాయించేవాడయ్యాడు. పదిహేనో ఏట చర్చి మైకుసెట్టు చెడిపోయింది. బాగు చేసేవాడు రెండు వారాలదాకా రానన్నాడు. ప్రకాశం దాన్ని విప్పి, ఊడిన తీగ ఒకటి అతికించాడు. అందరూ మెచ్చుకున్నారు. మరుసటి ఆదివారం హార్మోనియం దగ్గర ఇంకొకరు కూర్చున్నారు. ప్రకాశం మైకుసెట్టు దగ్గర కూర్చున్నాడు. అప్పటినుంచి ఇరవై మూడేళ్ళుగా అతను అక్కడే కూర్చున్నాడని చెప్పవచ్చు.

ఐటీఐ చదివాడు. ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం వచ్చింది, తయారైన పరికరాలను పరీక్షించే విభాగంలో. పద్నాలుగేళ్ళుగా రోజుకు ఎనిమిది గంటలు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, యంత్రం చేసే కూత సన్నగా, తిన్నగా ఉందో లేదో వింటాడు. డ్యూటీ అయ్యాక వైర్ల పని. పెళ్ళిళ్ళు, చర్చి సభలు, ధూల్‌పేట్‌లో గణపతి పందిళ్ళు, నాటకాలు. సుల్తాన్‌బజార్‌లో రామలింగయ్య క్యాసెట్లు రికార్డు చేసే గదిలో కూడా వైర్లు అతనే చూస్తాడు. పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు వచ్చి, టీ తాగి, "ప్రకాశం, జర నా మైకు చూడు" అని కూర్చుంటారు. అతను చూస్తాడు.

కిందటి క్రిస్మస్‌కు భార్య రాజమణి తమ్ముడు బాబురావు మస్కట్ నుంచి ఒక చిన్న జపాన్ కీబోర్డు తెచ్చి ఇచ్చాడు. పిల్లల బొమ్మంత ఉంటుంది. దానికి ఒక మూల చిన్న మైకు ఉంది. మీట నొక్కి ఆ మైకు ముందు ఏ చప్పుడు చేసినా ఒకటిన్నర సెకను పట్టుకుని, ఆ చప్పుడునే అన్ని మెట్ల మీదా పై స్థాయిలోనూ కింది స్థాయిలోనూ పలికిస్తుంది. స్విచ్ ఆపితే మరిచిపోతుంది. ప్రకాశం దాన్ని సుల్తాన్‌బజార్‌కు తీసుకుపోయి, టీ విరామంలో తను కట్టుకున్న ఒక జోలపాట వరస వాయించాడు. రామలింగయ్య అప్పుడు పిల్లల పాటల క్యాసెట్టు చేసే ఆలోచనలో ఉన్నాడు.

"వరస బాగున్నది," అన్నాడు రామలింగయ్య. "చప్పుడు మాత్రం సంతల అమ్మే పిల్లల బూర లెక్క ఉన్నది. గంట కొట్టినట్టు ఉండాలె, గని పాడినట్టు సుత ఉండాలె. అసొంటి చప్పుడు శనివారం దాక తే, పాటలన్నీ నీ చేతికిస్త. లేకుంటె విజయవాడ నుంచి వీణాయన్ని పిలుస్త. నువ్వు ఎప్పటి లెక్క వైర్లు చూస్కో."

ఆ మాట విన్న రోజు ప్రకాశం ఇంటికి నడుచుకుంటూ పోయాడు. సైకిలు రామలింగయ్య గది కిందే ఉండిపోయింది.

అప్పటినుంచి వెతుకులాట. బడిలో గంటగా వేలాడదీసిన రైలుపట్టా ముక్క కొట్టి చూశాడు. దాని మోత ఒకటిన్నర సెకనులో ఇమడదు, మధ్యలో తెగిపోతుంది. ఇరానీ హోటలు పింగాణీ కప్పులు పై మెట్ల మీద ముచ్చటగా ఉన్నాయి, కిందికి దిగేసరికి తడి మట్టి మీద కొట్టినట్టయింది. సైకిలు గంటలో మోత కంటే స్ప్రింగు చప్పుడే ఎక్కువ. ఇంట్లో చెంచాలు, పళ్ళేలు, స్టవ్వు మీది కూర గిన్నె మూత, అన్నీ అయ్యాయి.

"కూర ఉడికిందా లేదా అని చూసే మొగోళ్ళను చూశిన గని, కూర ఏ రాగంల ఉన్నదని చూసేటోన్ని ఇప్పుడే చూస్తున్న," అంది రాజమణి. అని, మూత అతని చేతిలోంచి తీసుకుని గిన్నె మీద పెట్టింది. కంచు సంగతి చెప్పింది కూడా ఆమే. వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో కంచు గిన్నె కింద పడితే పక్కింటి దాకా వినపడేదట.

కంచు మోత నిజంగానే బాగుంది. కానీ ప్రతి గిన్నెలోనూ వణుకు ఉంది. దెబ్బ పడిన తర్వాత ధ్వని తిన్నగా పోకుండా వావ్‌వావ్‌మని ఊగేది. ఒక్క గిన్నె ఊరికే కొడితే ఆ ఊపు వినడానికి బాగానే ఉంటుంది. యంత్రం పట్టుకున్నాక అలా కాదు. కింది మెట్ల మీద ఊపు నిదానమై, పాట నీళ్ళల్లో మునిగినట్టు ఉంటుంది. పై మెట్ల మీద వేగమై, పుక్కిలించినట్టు ఉంటుంది. రోజంతా తిన్నని కూతలు వినే చెవికి అది వెంటనే తెలిసింది.

బుధవారం సాయంత్రం కుప్ప అడుగున అతనికి ఒక గిన్నె దొరికింది. దోసిలి పట్టేంత ఉంది, అంచు మందం. పెన్సిలు తగలగానే మోత దారం లాగినట్టు తిన్నగా పోయింది. మళ్ళీ కొట్టాడు. గిన్నె చుట్టూ కొట్టాడు. ఎక్కడా వణుకు లేదు. కళ్ళు తెరిచి దాన్ని తిప్పి చూశాడు. కుప్పలో ఉన్న అన్నిటి మీదా పాత యజమానుల పేర్లు ఉన్నాయి. దీని మీద పేరు లేదు.

"సేటు, ఇది నాది. ఇయ్యాల చప్పుడు పట్టే డబ్బా తేలేదు. రేపు డ్యూటీ దిగినంక తెస్త. పక్కకు పెట్టు."

"పెడ్త తియ్యి. బతికించినవ్," అన్నాడు సీతారాం.

ఆ దుకాణంలో ఒకటి పక్కకు పెట్టడమంటే దాని మీద పేరు రాయించడమే. కొన్న వస్తువు మీద పేరు లేకపోతే రద్దీలో ఇంకొకరి సంచిలోకి పోతుంది, తర్వాత లొల్లి. అందుకని సీతారాం తండ్రి నాటినుంచీ, అమ్ముడుపోయిందన్న మాట వినగానే అది ఈశ్వరయ్య ముందుకు వస్తుంది. ఈశ్వరయ్య ముప్పై ఏళ్ళుగా అదే అరుగు మీద కూర్చుని తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడు లిపుల్లోనూ పేర్లు రాస్తున్నాడు. చదవడం తెలుగే వచ్చు. మిగతా రెండూ కాగితం మీద రాసి ఇస్తే బొమ్మ దింపినట్టు దింపుతాడు. ఆ సాయంత్రం సీతారాం గిన్నె అందించి పేరు చెప్పాడు. కంచు గట్టిది, ఉలి జారుతుంది. ఈశ్వరయ్య అంచు కింద ఒక చోట ఆకురాయితో చదును చేసి, లోతుగా, అందంగా రాశాడు. పక్కన చిన్న పువ్వు కూడా వేశాడు. పువ్వు అందరికీ వేయడు.

గురువారం మధ్యాహ్నం మూడింటికి ప్రకాశం కీబోర్డును తువ్వాలులో చుట్టి, సైకిలు హ్యాండిలుకు సంచి తగిలించుకుని వచ్చాడు. గిన్నె చేతికిచ్చారు. 'జి. ప్రకాశం' అని ఉంది. అతను పెన్సిలు తీసి కొట్టాడు.

వావ్, వావ్, వావ్ అని ఊగింది.

దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయాడు. గిన్నెను ఒళ్ళో తిప్పి పేరు చూశాడు.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు ఈశ్వరయ్య. "పేరు తప్పు వడ్డదా?"

"పేరు మంచిగనే ఉన్నది కాకా. చప్పుడు పోయింది. నిన్న వణుకు లేకుండె. పేరు రాశినంక వణుకుతున్నది."

"పేరు రాస్తె గిన్నె వణుకుతదా? ముప్పై ఏండ్లసంది రాస్తున్న. ఒక్కటి వణకలె."

"నువ్వు ఇంటున్నవా, కాకా? ఇను." కొట్టాడు. ఊగింది.

"ఇటు తే." ఈశ్వరయ్య గిన్నె తీసుకుని, అరచేతిలో పెట్టుకుని, ఉలి వెనక వైపుతో ఒక్క దెబ్బ వేశాడు. మోత తిన్నగా, నిన్నటిలాగే పోయింది. "ఏది వణుకు?"

ప్రకాశం గిన్నె లాక్కుని కొట్టాడు. ఊగింది. ఈశ్వరయ్య లాక్కుని కొట్టాడు. ఊగలేదు.

"మీ ఇద్దరికీ వేరే పని లేదు," అన్నాడు సీతారాం. కానీ గల్లా దగ్గరినుంచి లేచి వచ్చి నిలబడ్డాడు.

"కాకా, మళ్ళొకసారి కొట్టు. యాడ కొడుతున్నవో చూస్త."

ఈశ్వరయ్య పేరు మీద కొట్టాడు. సరిగ్గా 'ప్ర' మీద. అతనికి అది ఆలోచించి చేసే పని కాదు. రోజంతా అక్షరాల మీద దెబ్బలు వేసేవాడి చేతికి గిన్నె ఇస్తే దెబ్బ అక్షరం మీదే పడుతుంది. ప్రకాశం చెయ్యి మాత్రం మూడు రోజులుగా పేర్లను తప్పించి పక్కన కొడుతోంది. అదీ అతను ఆలోచించి చేసినది కాదు. అక్షరానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలని సుందరమ్మ నేర్పింది. బేరానికొచ్చే ఆడవాళ్ళు కూడా గిన్నె పగులు చూడాలంటే పేరు లేని వైపు తిప్పుకునే కొడతారు.

అతను పెన్సిలు రబ్బరును పేరు మీద ఉంచి, ఒక క్షణం ఆగి, కొట్టాడు. వణుకు లేదు. పేరుకు సరిగ్గా ఎదుటి అంచు మీద కొట్టాడు. అక్కడా లేదు. పేరుకు రెండు వేళ్ళు పక్కకు జరిగి కొట్టాడు. ఊగింది. కర్మాగారంలో పరికరం పరీక్షించినట్టు సుద్దముక్కతో అంచు చుట్టూ గీతలు పెట్టుకుంటూ పోయాడు. తిన్నగా పలికే చోట్లు, ఊగే చోట్లు ఒకటి విడిచి ఒకటి వచ్చాయి.

"అంటె అన్నీ మంచియే," అన్నాడు నెమ్మదిగా. "పేరు చెక్కి పల్చగైన కాడికి పక్కకు కొడితె రెండు మోతలు లేస్తున్నయి, గందుకే ఊగుతున్నది. నేనే తప్పు జాగల కొట్టిన."

"మూడు దినాలసంది నేను చెప్పేది గదే గద," అన్నాడు సీతారాం.

ప్రకాశం వెనక గదిలోకి పోయి ఎడమ పక్క కుప్ప ముందు మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి ఒక్కో గిన్నెను తిప్పి, పేరు వెతికి, పేరు మీద కొట్టాడు. చంద్రమ్మ. బసవయ్య. పి. కళావతి. సగం అరిగిపోయి చదవరాని పేర్లు కొన్ని. దాదాపు అన్నీ తిన్నగానే పలికాయి. వాటిలో 'ఆండాలు' అని రాసి ఉన్న వెడల్పు గిన్నె ఒకటి తన గిన్నె కంటే కింది స్థాయిలో, నిండుగా పలికింది. ఆండాలు ఎవరో సీతారాంకు కూడా గుర్తు లేదు.

"ఇది తీస్కుంట సేటు."

"మరి నీ పేరు రాశిన గిన్నె ఎవ్వడు కొనాలె?"

"అది సుత తీస్కుంట."

"గట్లయితె కొట్టుకో. ఎంతన్న కొట్టుకో."

చప్పుడు పట్టుకోవడానికి ఆ గదే బాగుంది. మూడు గోడల వెంబడీ సామాను చుట్టి వచ్చే వరిగడ్డి కట్టలు పైకప్పు దాకా ఉన్నాయి. మాట్లాడితే గొంతు నోటి దగ్గరే ఆగిపోతోంది. పాత చీర ముక్కను కుదురులా చుట్టి, దాని మీద ఆండాలు గిన్నె పెట్టారు. పెన్సిలు రబ్బరు మరీ మెత్తగా ఉంది, ఉలి మరీ కటువుగా ఉంది. ఈశ్వరయ్య తన చిన్న సుత్తి కర్రకు నూలు దారం గట్టిగా చుట్టాడు. దెబ్బ అతనే వేయాలని ప్రకాశం అడిగాడు. ముప్పై ఏళ్ళుగా ఒకే బరువుతో పడుతున్న దెబ్బ అది.

సీతారాం తల్లి నాగమణమ్మ లోపలింటినుంచి వచ్చి విషయం కనుక్కుని, ముందు గది గడప మీద స్టూలు వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళను అక్కడే ఆపుతోంది. "లోపట చప్పుడు పట్టుకుంటున్నరు. జర నిలవడండ్రి."

"చప్పుడును పట్టుకునుడేందమ్మా?"

"నాకేం తెలుసు. పట్టుకున్నంక చూపిస్తరేమో."

ప్రకాశం మీట మీద వేలు ఉంచి తల ఊపాడు. ఈశ్వరయ్య సుత్తి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే గడ్డి దుమ్ముకు సీతారాం దగ్గాడు. ప్రకాశం మెట్లు నొక్కి చూస్తే సీతారాం దగ్గు స రి గ మ అని ఎక్కింది, కిందికి దిగుతూ ముసలి దున్నపోతులా అయింది. నాగమణమ్మ గడప మీదినుంచి, "నీకు డెబ్బై ఏండ్లొస్తె అట్లనే దగ్గుతవు," అంది. సీతారాం తల్లి చేత తిట్లు తిన్న పిల్లవాడిలా ముఖం పెట్టుకుని బయటికి పోయి నిలబడ్డాడు.

రెండోసారి రిక్షా గంట పడింది. మూడోసారి దెబ్బ మీటకంటే ముందు పడింది. ఐదోసారి కుదిరింది. ప్రకాశం నడిమి మెట్టు నొక్కాడు. గిన్నె అక్కడే ఉండగా, దాన్ని ఎవరూ తాకకుండా, అదే మోత వచ్చింది. పక్క మెట్టు నొక్కాడు. ఆ పక్కది నొక్కాడు. మరీ పైన మోత చిన్నదై తేలిపోయింది, మరీ కింద బరువెక్కింది. నడుమ తొమ్మిది మెట్లు మాత్రం ఎక్కడా చెడలేదు. జోలపాట వరసలో ఆ తొమ్మిది దాటేవి రెండే స్వరాలు. వాటిని అక్కడికక్కడే మార్చుకుని వాయించాడు.

ఈశ్వరయ్య సుత్తి పట్టుకునే విన్నాడు. "నేను కొట్టింది ఒక్కటే దెబ్బ గద," అన్నాడు చివరికి.

"ఒక్కటే కాకా."

"ఇన్నొచ్చినయేంది మరి."

ప్రకాశం చెప్పబోయాడు కానీ, అరుగు మీద బిందె పెట్టుకుని ఎవరో ఎదురుచూస్తున్నారు. ఈశ్వరయ్య లేచి పోయాడు.

శనివారం నాలుగింటికి ప్రకాశం రెండు గిన్నెలు, కుదురు, దారం చుట్టిన కర్ర ఒక సంచిలో, కీబోర్డు ఇంకో సంచిలో పెట్టుకుని సుల్తాన్‌బజార్ పోయాడు. ఆ కర్ర ఈశ్వరయ్య సుత్తినుంచి ఊడదీసి ఇచ్చినదే, తనకు కొత్తది బిగించుకుంటానన్నాడు. రికార్డు చేసే గదిలో ఆండాలు గిన్నె పెట్టి, రామలింగయ్య చూస్తుండగానే పేరు మీద ఒక దెబ్బ వేసి, చప్పుడు పట్టుకుని, జోలపాట వాయించాడు. రామలింగయ్య మొదట నిలబడి విన్నాడు, తర్వాత కుర్చీ లాక్కున్నాడు. అయిపోయాక మళ్ళీ వాయించమన్నాడు. రెండోసారి వింటూ ఫ్యాను ఆపాడు.

"ఇది ఎక్కడి చప్పుడు?"

"లాల్‌దర్వాజ సారు."

"మస్తున్నది. క్యాసెట్టంత ఇదే పెడ్దాం." రామలింగయ్య బల్ల మీది పుస్తకం తెరిచి ఏదో చూసుకున్నాడు. "సోమవారం పదింటికి మొదలు పెడ్దాం. ఒకటే మాట. నువ్వు తెస్తవో తేవోనని వీణాయనకు మొన్ననే చెప్పిన. ఆయన వస్తున్నడు, వద్దంటె బాగుండదు. పెద్ద చెయ్యి ఆయనది, ఇసొంటి డబ్బా వాయించుడు ఒక పూటల నేర్చుకుంటడు. వరస ఆయనకు జర చెప్పు. డబ్బా, గిన్నె ఇక్కడనే పెట్టి పో. మైకులు, వైర్లు నీకంటె బాగ చూసేటోడు నాకెవ్వడున్నడు చెప్పు."

ప్రకాశం కీబోర్డు వైపు చూశాడు. చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. స్విచ్ ఆపాడు.

"అగో, ఆపినవేంది? చప్పుడు పోదా?"

"పోతది సారు. మళ్ళ పట్టుకోవాలె." గిన్నెను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టాడు. కుదురు దాని మీద పెట్టాడు. "సోమవారం డ్యూటీకి లీవు పెడ్త. వాయించేది నేనే. వైర్లకు వేరేటోన్ని చూస్కోండ్రి."